వయోలా, రెండో అర్థంలో

నగరపాలక వాద్యబృందంలో మొత్తం ముప్ఫైనలుగురు కళాకారులు. వాళ్ళలో ముప్ఫైముగ్గురు ఏం వాయిస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్ఫైనాలుగో మనిషి వయోలా వాయించేది. నిజానికి బృందంలో ఇద్దరు వయోలా కళాకారులు ఉండాలి. రెండో ఆయన రిటైరయ్యాక ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. కారణం పెద్దదేమీ కాదు. ఆయన వెళ్ళిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు, అంతే.

వయోలా వయోలిన్‌కి అక్కలాంటిది. కాస్త పెద్దది, కాస్త బరువు, గొంతు కొంచెం బొంగురు. ఇంటి పెద్దకూతురికి పట్టే గతే దానికీ పట్టింది. చాకిరీ తనది, పేరు చెల్లెలిది. పాట ఎత్తుకునేది వయోలిన్లు, అడుగున మోసేది భారీ వాయిద్యాలు, మధ్యలో సందులు పూడ్చేది వయోలా. అందుకే బృందంలో ఆమెను ‘మధ్యమం’ అని పిలిచేవారు. అది సంగీతం తెలిసినవాళ్ళ వేళాకోళం. తెలియనివాళ్ళు ‘ఆ వయోలినావిడ’ అనేవారు. రెంటిలో ఏది తక్కువ అవమానమో ఆమె ఇరవై ఏళ్ళుగా తేల్చుకోలేకపోయింది.

మధ్యమానికి నలభై రెండేళ్ళు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇల్లు ఆరో అంతస్తులో. లిఫ్టు మెకానిక్కు ఇల్లు కాబట్టి ఆ భవనంలో లిఫ్టు ఎప్పుడూ పాడై ఉండేది. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడ ఒక కాలేజీలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు వృక్షశాస్త్రం ల్యాబు నడిపి రిటైరయింది. ఆకు చూపిస్తే మొక్క పేరు, మొక్క చూపిస్తే దాని ఏడు తరాలు చెప్పేది. ఎదురుగా కూర్చున్న కోడలికి జ్వరం వచ్చిందని మాత్రం ఎవరైనా చెబితే తప్ప తెలిసేది కాదు.

అత్తాకోడళ్ళ మధ్య తగాదా అంటూ ఒకటుంటే, అది మొదటిరోజే మొదలైంది.

“ఏం వాయిస్తావమ్మాయ్?” అని అడిగింది అత్తగారు.

“వయోలా అండీ.”

“వయోలా పువ్వు కదా?”

“వాయిద్యం కూడానండీ, అత్తయ్యా.”

“కూడా ఏమిటి? పువ్వుకి ఆ పేరు ఉంది. ఉన్న పేరు ఇంకోదానికి ఎందుకు? మీవాళ్ళకి వేరే పేరే దొరకలేదా?”

పేరు పెట్టినప్పుడు తనను సంప్రదించి ఉంటే ఆపేదాన్నని కోడలు సర్దిచెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత పదహారేళ్ళు గడిచినా అత్తగారు ఒక్క కచేరీకైనా రాలేదు. ఎవరైనా అడిగితే, “మా కోడలు తీగల పెట్టె వాయిస్తుంది” అనేది. వయోలా అన్న మాట మాత్రం పూలమొక్కలకే అట్టేపెట్టుకుంది.

ఆ ఏడాది వానలు విడవకుండా కురిశాయి. రిహార్సల్ హాలు గోడలన్నీ చెమ్మగిల్లాయి. ఒకరోజు పొద్దున మధ్యమం పెట్టె తెరిచి చూస్తే వయోలా ముందుపలక మీద, తీగల కింది నుంచి, వెంట్రుక మందాన చీలిక కనిపించింది. వాయిద్యం బృందానిదే. ఆమె కంటే వయసులో పెద్దది. అన్నిటికంటే లావు తీగ మీద కమాను వేయగానే సీసాలో పడ్డ కందిరీగలా ర్ర్ర్‌మంది. భర్త ఒక ఆదివారమంతా కూర్చుని జిగురు పెట్టాడు. లిఫ్టు తలుపులకు వాడే జిగురు. పలక అతుక్కుంది, కందిరీగ పోలేదు. పైగా దానికి తోడొచ్చినట్టు ఇంకోటి కూడా దూరింది.

కొత్త వాయిద్యం కోసం కొనుగోళ్ళ విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడి గుమాస్తా మంచివాడు. మధ్యమం రెండు పేజీలు రాసుకొస్తే చూసి నొచ్చుకున్నాడు.

“ఇంత రాస్తే పైవాళ్ళు చదవరు మేడం. రెండు లైన్లలో తేల్చండి. ఏం కావాలి, ఎన్ని కావాలి. అంతే.”

“వయోలిన్ అనుకుంటారేమోనని వివరంగా రాశానండీ. ఇది వయోలిన్ కాదు. చాలామంది పొరబడతారు.”

“వయోలిన్ కాదు. సరే.”

“వయోలిన్ కాదండీ. వయోలా.”

“నాకు అర్థమైంది మేడం. వయోలిన్ కాదు.”

ఆమె రెండు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకుని, ‘వయోలా, ఒకటి. పాతది పనికిరాదు’ అని రాసిచ్చింది. గుమాస్తా కంప్యూటర్లో ‘వయో’ అని కొట్టాడు. వయోజన విద్య పలకలు వచ్చాయి, వయోవృద్ధుల కుర్చీలు వచ్చాయి, వయోలిన్ వచ్చింది. దాన్ని ఆమె మరీమరీ వద్దంది కాబట్టి జాగ్రత్తగా దాటవేశాడు. ఆ కింద ‘వయోలా’ అని ఉంది. నొక్కాడు. కనీస పరిమాణం నలభై అని యంత్రం చెప్పింది. ఒకటి అడిగితే నలభై ఇస్తున్నారంటే ప్రభుత్వం కళలను ఎంత ఆదరిస్తోందో అని గుమాస్తా సంతోషించాడట. అతనే తర్వాత చెప్పాడు.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం, రిహార్సల్ మంచి పాకంలో ఉండగా, హాలు తలుపు తోసుకుని ఇద్దరు మనుషులు లోపలికొచ్చారు. వాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ ట్రేలు, ట్రేల నిండా నల్లమట్టి, మట్టిలో బెత్తెడు మొలకలు. ఒకదాని వెనక ఒకటి తెచ్చి వేదిక ముందు పేర్చడం మొదలుపెట్టారు.

బృందాన్ని నడిపించే కండక్టరుగారు కర్ర దించారు. కండక్టరంటే బస్సులో టిక్కెట్లు చింపే మనిషి కాదు, కర్ర తిప్పి పాట నడిపించే మనిషి. బస్సు కండక్టరుకు బస్సు ఎటు పోతుందో తెలుస్తుంది, అదొక్కటే తేడా. ఆయన్ను అందరూ కర్రమాస్టారు అనేవారు.

“ఇవి ఏమిటి?” అన్నారు మాస్టారు.

“వయోలాలు సార్. నలభై. సంతకం పెట్టండి” అన్నాడు లారీ డ్రైవరు.

కర్రమాస్టారికి ఒక అలవాటు ఉంది. ముందుకు కాగితం వస్తే సంతకం పెట్టేవారు. కళ్ళజోడు వెతుక్కోవడం కంటే సంతకమే సులువని ఆయన అనుభవం. ‘నలభై వయోలాలు అందినవి, సంతృప్తికరంగా ఉన్నవి’ అన్న వాక్యం కింద ఆయన వంకరటింకర సంతకం పడింది. వయోలిన్లవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. “మధ్యమం, ఒక్కసారిగా నీకు నలభై మంది తోడొచ్చారే!” అన్నాడొకడు. లావు వాయిద్యాలవాడు మొలకలకు శ్రుతి పట్టమన్నాడు.

ఆమె నవ్వలేదు. డ్రైవరు దగ్గర కాగితం తీసుకుని చూసింది. ‘వినియోగించువారు’ అన్నచోట ఆమె హోదా రాసి ఉంది. సరుకును తనిఖీ పూర్తయ్యేవరకూ చెడకుండా కాపాడే బాధ్యత వినియోగించువారిదే అని కింద చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంది. హాలు కాపలాదారు, “నా హాల్లో మట్టి ఉంచడానికి వీల్లేదమ్మా” అని ఖండితంగా చెప్పేశాడు. మొలకలను ఆమే ఇంటికి తీసుకుపోవలసి వచ్చింది.

ఆ రోజు లిఫ్టు పని చేయలేదు. నలభై ట్రేలు ఆరంతస్తులు మోసేసరికి భర్త మోకాళ్ళు పట్టేశాయి. చివరి ట్రే బాల్కనీలో దించి, “ఏమే, ఇకనుంచి నువ్వు డప్పు వాయించుకోరాదూ?” అన్నాడు.

అత్తగారు మాత్రం కొత్తచీర కట్టుకున్న మనిషిలా వెలిగిపోయింది. “ఇన్నేళ్ళకి మీ ఆఫీసువాళ్ళకి భాష వచ్చిందమ్మాయ్! వయోలా అడిగితే వయోలా ఇచ్చారు.” వంగి ఒక ఆకు వేళ్ళతో నలిపి చూసింది. ఆ వెలుగు కొంచెం తగ్గింది. వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుని, వాసన చూసుకుని, లోపలికి పోయి చేతులు కడుక్కుంది.

మర్నాడు మధ్యమం కొనుగోళ్ళ విభాగం సూపరింటెండెంట్‌ను కలిసింది. ఆయన బల్ల మీద అద్దం, అద్దం కింద క్యాలెండరు, క్యాలెండరు మీద ఫైళ్ళు. అన్నిటి పైనా ఆయన మోచేతులు.

“వయోలా అడిగారు. వయోలా ఇచ్చాం. ఏంటమ్మా సమస్య?”

“నేను అడిగింది వాయించేది సార్.”

“వాయించేదని దరఖాస్తులో రాశారా?”

“వాద్యబృందం నుంచి వచ్చిన దరఖాస్తు కదండీ. వాయించేదే అడుగుతాం కదా.”

“వాద్యబృందం వాళ్ళు మొక్కలు పెంచకూడదని రూలేమైనా ఉందా? పోయిన నెల అగ్నిమాపకవాళ్ళు క్యారంబోర్డు అడిగారు. దాంతో మంటలార్పుతారా అని మేం అడిగామా?”

“వయోలా అన్న మాటకు రెండర్థాలున్నాయి సార్. ఒకటి పువ్వు, ఒకటి వాయిద్యం.”

“ఆ సంగతి మాకు తెలీదనుకున్నారా?” సూపరింటెండెంట్ సొరుగులోంచి లావుపాటి నిఘంటువు తీసి, ఉమ్ముతో వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పాడు. “ఇదిగో. వయోలా. ఒకటి, ఒక పూలమొక్క. రెండు, ఒక తంత్రీవాద్యం. మొదటి అర్థం ఉండగా దాన్ని తోసేసి రెండో అర్థానికి ఎలా పోతామమ్మా? పద్ధతి ఉండొద్దూ? రేషన్ షాపు దగ్గరైనా లైనులో ముందున్నవాడికే కదా ముందు ఇచ్చేది?”

“మరి ఇప్పుడు నేనేం చేయాలండీ?”

“మీ మాస్టారు సంతృప్తికరం అని సంతకం పెట్టారు. అవసరం తీరినట్టే లెక్క. కావాలంటే మళ్ళీ మూడేళ్ళకి దరఖాస్తు పెట్టుకోండి.” ఆయన నిఘంటువు మూసి, ఆమె ముఖం చూసి జాలి తలచి, “పూలు బాగా పూస్తాయటమ్మా. సప్లయరు మావాడే, మా తోడల్లుడు. నమ్మకమైన మనిషి” అన్నాడు.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. పై అధికారికి ఒకటి, ఆ పై అధికారికి ఒకటి, మొత్తం ఐదు ఉత్తరాలు రాసింది. ఈసారి ఏ ఉత్తరమూ రెండు లైన్లలో తేల్చలేదు. వాటిలో నాలుగు తిరిగి సూపరింటెండెంట్ బల్ల మీదికే వచ్చి చేరాయి. మన దగ్గర ఫిర్యాదులకు పావురాలకున్నంత జ్ఞాపకశక్తి ఉంటుంది, ఎక్కడ వదిలినా బయల్దేరిన గూటికే వస్తాయి. ఐదోది మాత్రం ఎలాగో తప్పించుకుని ఎవరో పెద్దాయన కంట్లో పడింది. ఆయన దాని మీద ‘తనిఖీ చేయండి’ అని రెండు మాటలు రాశాడు.

ఈలోగా ఒక సాయంత్రం కచేరీ వచ్చింది. మధ్యమం చీలిన వాయిద్యంతోనే వెళ్ళింది. కందిరీగ మోత జనానికి వినిపిస్తుందేమోనని భయం. కార్యక్రమంలో నెమ్మదిగా సాగే ఒక భాగం వయోలాకు అంతా లావు తీగ మీదే ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆమె కమానును తీగకు వెంట్రుకవాసి ఎత్తున పట్టుకుని, తగలకుండా, అటూ ఇటూ ఆడించింది. ఆరు నిమిషాలు. చేయి కదులుతోంది, మెడ వంగి ఉంది, కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. ఒక్క స్వరమూ పలకలేదు.

కచేరీ అయ్యాక కర్రమాస్టారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి అభినందించారు. “ఆ నెమ్మది భాగం ఉంది చూడండి, ఈ రోజు ఎప్పుడూ లేనంత నిండుగా వచ్చింది. అందరూ ప్రాణం పెట్టేశారు!” అన్నారు. ఆమె చేయి పట్టుకుని మరీ అన్నారు.

ఇంటికొచ్చి భర్తకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. నవ్వుతూ చెబుదామనుకుంది. సగంలోనే గరిటె గిన్నెలో పడేసి, చీరకొంగుతో ముఖం కప్పుకుని కుర్చీలో కూలబడింది.

“ఇరవై ఏళ్ళండీ. వాయించినా అంతే, వాయించకపోయినా అంతేనా? ఇంకెందుకు నాకు కొత్తది? ఆ మొక్కలే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటా.”

భర్తకు లిఫ్టుల గురించి తప్ప ఓదార్పు మాటలు రావు. “పైన మోటారు, కింద పెట్టె కనిపిస్తాయి గానీ మధ్యలో తాడు తెగితే తెలుస్తుందే వాళ్ళకి” అన్నాడు. అతని జీవితంలో అంత మంచి మాట అంతకుముందు అనలేదు, తర్వాతా అనలేదు.

అత్తగారు వంటింటి గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు. కోడలు చూడగానే, “మజ్జిగ ఉందా?” అని అడిగి, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. కాస్సేపటికి వెనక్కి వచ్చింది.

“మా కాలేజీలో స్లైడ్లన్నీ నేనే కోసేదాన్ని,” అంది ఎవరికో చెబుతున్నట్టు. “కాడని అడ్డంగా, అద్దం మీద పొరలాగా కొయ్యాలి. మందంగా కోస్తే వెలుగు పోదు, ఏమీ కనపడదు. లెక్చరర్లు వచ్చి మైక్రోస్కోపులో పిల్లలకి చూపించేవాళ్ళు. పిల్లలు, ‘ఎంత బాగా చూపించారు సార్’ అనేవాళ్ళు.” గ్లాసు సింకులో పెట్టింది. “ఒకరోజు కావాలని మందంగా కోశా. ఆ రోజూ అదే మాట అన్నారు.”

అంతే చెప్పి వెళ్ళి పడుకుంది.

తనిఖీ కమిటీ వచ్చేసరికి మొక్కలు పూతకొచ్చాయి. బాల్కనీ అంతా ఊదా, తెలుపు, గులాబి రంగులు. కమిటీలో ముగ్గురు. ఒకరు సూపరింటెండెంటే. తన పని మీద వచ్చిన ఫిర్యాదును తనకంటే బాగా ఎవరు తనిఖీ చేయగలరు? రెండోవారు బృందం తరపున కర్రమాస్టారు. మూడోవారు ఉద్యానవనాల అధికారి. మూడు నెలల క్రితం వరకూ ఆయన మురుగుకాల్వల అధికారి. తడిసి ఉండేవన్నీ ఒకే శాఖ కిందికి వస్తాయని ఎవరో పైన తీర్మానించారట. లిఫ్టు పనిచేయక ముగ్గురూ ఆరంతస్తులు ఎక్కొచ్చారు. తలుపు తెరిచేసరికి ప్రశ్నలడిగే ఊపిరి ఎవరిలోనూ మిగల్లేదు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక సూపరింటెండెంట్ ఒక ఫారం తీశాడు. వాద్య పరికరాల తనిఖీకి వాడే ఫారం అది. మొక్కలకు వేరే ఫారం ఉందిగానీ అయిపోయిందట.

“వస్తువు స్థితి?” అని చదివాడు.

“పచ్చగా ఉంది” అన్నాడు ఉద్యానవనాల అధికారి.

“శబ్దం సరిగా వస్తున్నదా?”

ముగ్గురూ ఒకసారి మొక్కల వంక చూశారు. “గాలొచ్చినప్పుడు...” అని మొదలుపెట్టాడు అధికారి.

మధ్యమం ఇక ఆగలేకపోయింది. గదిలోకి పోయి పాత వయోలా తెచ్చి, గడ్డం కింద పెట్టుకుని లావు తీగ మీద కమాను బలంగా లాగింది. ర్ర్ర్‌మని గది అదిరింది. కర్రమాస్టారు ఉలిక్కిపడ్డారు. ఉద్యానవనాల అధికారి ఆనందంగా గుమ్మం వైపు తిరిగి, “హమ్మయ్య, లిఫ్టొచ్చింది!” అన్నాడు.

“అది లిఫ్టు కాదండీ. నా వాయిద్యం. ఆరు నెలలుగా ఇలాగే ఉంది. మాస్టారూ, మీకు ఎప్పుడూ వినపడలేదా?”

కర్రమాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “నేను హాలు ఫ్యాన్ అనుకున్నానమ్మా. రెండుసార్లు కంప్లయింటు కూడా పెట్టాను.”

“ఇదంతా అప్రస్తుతం,” అన్నాడు సూపరింటెండెంట్. “తేలాల్సింది ఒక్కటే. వయోలా అంటే పువ్వా, కాదా? అమ్మా, మీరు పెద్దవారు, వృక్షశాస్త్రం తెలిసినవారని విన్నాను. మీరే చెప్పండి.”

అత్తగారు అంతవరకూ మూల కుర్చీలో పత్రిక చదువుతోంది. పత్రిక మడిచింది. అంతా అయిపోయిందనుకుంది కోడలు. పదహారేళ్ళుగా ఆవిడ చెబుతున్న మాట ఇప్పుడు కమిటీ ఎదుట చెబుతుంది. దాంతో ఫైలు మూతబడుతుంది.

“వయోలా అంటే పువ్వే,” అంది అత్తగారు.

“రాసుకోండి!” అన్నాడు సూపరింటెండెంట్, తనకు తానే.

“తొందరపడకు నాయనా. వయోలా అంటే పువ్వే. కానీ ఇది ఆ పువ్వు కాదు.” ఆవిడ లేచి బాల్కనీలోకి నడిచి, ఒక ఊదాపువ్వు తెంపి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. “వయోలాకి రేకులు ఐదు. విడివిడిగా ఉంటాయి. రెండు పైకి, రెండు పక్కలకి, ఒకటి కిందికి. కింది రేకు వెనకాల చిన్న తోక ఉంటుంది. దీనికి రేకులన్నీ ఎలా అతుక్కుపోయాయో చూడు. గొట్టంలాగా, అచ్చం బాకాలాగా. ఆకు పట్టుకుంటే జిగట. వయోలా ఆకు జిగటగా ఉండదు. ఇది పెటూనియా. ఏ సందులో చూసినా దొరుకుతుంది, వయోలాతో దీనికి తోడల్లుడి వరస కూడా కలవదు.”

తోడల్లుడన్న మాటకు సూపరింటెండెంట్ ముఖంలో రంగులు మారాయి. అయినా ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే పోదు. పువ్వును పైకీ కిందికీ తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“బాకాలాగా ఉందన్నారు కదమ్మా. బాకా వాద్యమే కదా? అంటే వాద్యబృందానికి ఇచ్చింది సబబే...”

“బాకా ఊదడం నీకు తెలిసినంత ఎవరికి తెలుసు నాయనా!” అంది అత్తగారు. “ఊదు మరి, వింటాం.”

ఉద్యానవనాల అధికారి ఫారం చాటున నవ్వుకున్నాడు. అత్తగారు కుర్చీలో కూర్చుని, క్లాసు చివర పిల్లలకు రాసుకొమ్మని చెప్పేటప్పటి గొంతుతో అంది:

“పువ్వు అనే అర్థంలో చూసినా మీరిచ్చింది తప్పే. వాయిద్యం అనే అర్థంలో చూసినా తప్పే. మాటకి ఉన్నవే రెండర్థాలు. ఏదో ఒకటి గుడ్డెద్దు చేల్లో పడ్డట్టైనా కుదరాలి. రెండూ తప్పాయంటే ఎంత కష్టపడి పనిచేసి ఉంటారు! అది కూడా ఆ ఫారంలో రాసుకోండి.”

“రెండర్థాలున్నాయని మీరు ఒప్పుకుంటున్నారా అత్తయ్యా?” అనేసింది కోడలు. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ పదహారేళ్ళు ఆపుకుంది.

“వయసు మీదపడ్డాక కొత్తవి నేర్చుకోకూడదా ఏం?” అంది ఆవిడ విసుగ్గా. “మజ్జిగ తీసుకురా వాళ్ళకి. మళ్ళీ ఆరంతస్తులు దిగాలి.”

అప్పుడు ఎవరూ ఎదురుచూడనిది ఇంకోటి జరిగింది. కర్రమాస్టారు జేబులోంచి కలం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఫారం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకూ చదివారు. ఆయన చదివి సంతకం పెట్టిన మొదటి కాగితం బహుశా అదే. ‘అందినవి వయోలాలు కావు, ఏ అర్థంలోనూ. బృందానికి వయోలా అత్యవసరం’ అని రాసి కింద సంతకం చేశారు. ‘అత్యవసరం’ కింద గీత కూడా గీశారు. ఆ గీత పశ్చాత్తాపమో, హాలు ఫ్యాన్ మీద పెట్టిన కంప్లయింట్ల తాలూకు సిగ్గో చెప్పలేం.

పై నుంచి రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. పొరపాటు సప్లయరుదని, సప్లయరును ఎంపిక చేసిన పొరపాటు ఎవరిదీ కాదని అందులో ఉంది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, పూలూ మొక్కలూ కొనే విభాగానికి. ఆయనకు అందులో ఇప్పుడు తగిన అనుభవం ఉందని కాబోలు. కొత్త ఆర్డరును గుమాస్తాయే స్వయంగా రాశాడు. ‘వయోలా, ఒకటి. చెక్కతో చేసినది, నాలుగు తీగలు గలది, కమానుతో వాయించునది, వయోలిన్ కానిది, నీళ్ళు పోయనక్కరలేనిది’ అని. ఈసారి అతనికి రెండు లైన్లు చాలలేదు.

కొత్త వయోలా రెండు నెలలకు వచ్చింది. నల్లపెట్టెలో, తేనెరంగు మెరుగుతో. లావు తీగ మీద కమాను ఆనించగానే నేలలోంచి వచ్చినట్టు నిండుగా పలికింది. తీగలు బిగించే బిరడాలు కొత్తవి కాబట్టి వారం రోజులు శ్రుతి జారుతూనే ఉంది. ఆమె విసుక్కోలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పసిపిల్లకు తల దువ్వినట్టు సరిచేసుకునేది.

ఆ నెల కచేరీకి అత్తగారు వచ్చింది. మూడో వరసలో, కొడుకు పక్కన, రెండు గంటలూ కదలకుండా కూర్చుంది. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అంది.

“అంతా బాగానే ఉంది. అందులో నువ్వు వాయించిందేదో మాత్రం తెలీలేదమ్మాయ్.”

కొడుకు కంగారుగా తల్లికి సైగ చేశాడు. కోడలు మాత్రం నొచ్చుకోలేదు. ఆవిడ తెలిసినట్టు నటించలేదు, అదే చాలా పెద్దమాట. మర్నాడు పొద్దున బాల్కనీ తలుపు తీసి కుర్చీ వేసుకుని, “ఇప్పుడు నీ ఒక్కదానిదే వాయించు, వింటాను” అంది అత్తగారు.

మధ్యమం నెమ్మది భాగం అందుకుంది. ఒంటరిగా వింటే అందులో పాట ఏమీ లేదు. రెండు దీర్ఘస్వరాలు, ఒక ఆగుడు, మళ్ళీ మూడు, మళ్ళీ ఆగుడు. అత్తగారు కళ్ళు చిట్లించి, చెవి ముందుకు పెట్టి వింది. స్లైడు చూసేటప్పుడు కూడా ఆవిడ అలాగే చూసేదేమో.

“ఇదేంటే, ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విన్నట్టుంది. ‘ఊఁ’ అంటావు, ‘అవునా’ అంటావు. అవతలివాళ్ళేమన్నారో తెలిస్తే కదా?”

“అంతేనండీ అత్తయ్యా. నా పని అదే.”

“అయితే అవతలివాళ్ళ మాట కూడా చెప్పు.”

కోడలు వయోలా మళ్ళీ భుజానికెత్తుకుంది. ఈసారి వాయిస్తూ, వయోలిన్లవాళ్ళు ఎత్తుకునే పాటను పైనుంచి సన్నగా కూనిరాగం తీసింది. గొంతు గొప్పది కాదు, రెండుచోట్ల తప్పింది. కానీ ఆ పాట కింద వయోలా స్వరాలు ఒక్కొక్కటీ వచ్చి దాని చేయి పట్టుకోవడం స్పష్టంగా వినిపించింది. అత్తగారి వేలు కుర్చీ చేతిమీద కదిలింది. పాట మీద కాదు, వయోలా స్వరం వచ్చిన ప్రతిచోటా.

“ఆఁ, అక్కడ!” అంది ఆవిడ. “అక్కడ నువ్వు లేకపోతే అవతలిది పడిపోతుంది. ఆ ముక్క ఇంకోసారి.”

ఆమె ఆ ముక్క ఇంకోసారి వాయించింది.